ఎడ్ల పందెం కోసం ఎక్కించిన గ్రాఫిక్స్ కార్డు

ఫోన్ మీద బొటనవేలు ఆడించి పెళ్లి వీడియో మొత్తం తయారు చేసేస్తున్న పిల్లలూ, మిమ్మల్ని చూస్తే నాకు కుళ్లు. ఉన్నమాట ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. నేను నరసరావుపేటలో ఒక ఫొటో స్టూడియోలో మిక్సింగ్ పని చేసి బతికినదాన్ని. పెళ్లికూతురి చుట్టూ గులాబీలు తిప్పడం, పెళ్లికొడుకును చందమామలో కూర్చోబెట్టడం, పప్పులో ఉప్పు లేదని మామగారు విస్తరి ముందు నుంచి లేచిపోయిన ముక్కను చప్పుడు కాకుండా కత్తిరించేయడం, ఇవీ నా ఉద్యోగ బాధ్యతలు. పోయినేడాది మానేశాను. ఇప్పటికీ చుట్టాలు అడుగుతుంటారు, నువ్వు చేసినవాటిలో గొప్ప వీడియో ఏదని. తమ ఇంటి పెళ్లి పేరు చెబుతానేమోనని ప్రతివాళ్లూ ఆశగా చూస్తారు. నేను ఎడ్ల పందెం అంటాను. మొహాలు మాడిపోతాయి.

మా స్టూడియోలో ముగ్గురం. ఓనరు, కెమెరామన్, నేను. ఓనర్ని నేను అన్నా అనేదాన్ని. ఆయన నన్ను అమ్మాయ్ అనేవాడు, నాకు మనవరాలు పుట్టాక కూడా. మనిషి మంచివాడే. కానీ ఎవరు ఏ పని అడిగినా "ఓ, చేసేద్దాం" అని ముందు ఒప్పేసుకుని, అది ఎలా చేయాలో తర్వాత నా మొహం చూసి తెలుసుకునే రకం. కెమెరామన్ దానికి పూర్తిగా ఎదురు. రేపు పొద్దున సూర్యుడొస్తాడన్నా, "చూద్దాంలే అక్కా, మబ్బేసుద్దేమో" అనేవాడు. వీళ్లిద్దరి మధ్యా నేనూ, నా కంప్యూటరూ నలిగాం.

ఆ కంప్యూటరును కొన్న కొత్తల్లో పక్క స్టూడియోల వాళ్లు పనిగట్టుకుని వచ్చి చూసి వెళ్లేవాళ్లు. నేను చెబుతున్న నాటికి దానికి ముసలితనం వచ్చేసింది. మిక్సింగ్ అయిన గంట వీడియోను ఒక్క ఫైలుగా బయటికి తీయమని పెట్టి, ఇంటికెళ్లి పప్పు వండుకుని, తిని, ఒక కునుకు తీసి వచ్చినా సగంలోనే ఉండేది. మార్చేద్దామంటే ఓనరు ఒప్పుకోడు. అది వచ్చాకే షాపు నిలదొక్కుకుందని ఆయన నమ్మకం. రోజూ పొద్దున దాని డబ్బాకు పసుపు రాసి, బొట్టు పెట్టి, అగరొత్తి తిప్పందే స్విచ్ వేయనిచ్చేవాడు కాదు. పసుపు పేరుకుపోయి ఆ డబ్బా అసలు రంగేమిటో మేమంతా మరిచిపోయాం.

అలాంటి రోజుల్లో ఈపూరు వైపు నుంచి ఒక ఊరి కమిటీ వాళ్లు వచ్చారు. వాళ్ల తిరునాళ్లలో బండలాగుడు పోటీలు. తెలియని పట్నం పిల్లలకు ఒక్క మాట. పెద్ద రాతి బండను ఎడ్ల జతకు కట్టి, ట్రాక్ రెండు చివర్లా గీసిన గీతల మధ్య అటూ ఇటూ లాగిస్తారు. ఇచ్చిన టైములో ఏ జత ఎక్కువ దూరం లాగితే దానిది గెలుపు. అంతే సంగతి. కానీ ఆ అంతే సంగతి కోసం మా పల్నాడులో పెళ్లి ముహూర్తాలు వాయిదా వేసుకున్నవాళ్లున్నారు. ఇప్పుడవి ఫోన్లలో లైవ్ కూడా వస్తాయి కాబట్టి, దుబాయిలో ఉన్నవాడు సైతం డ్యూటీ ఎగ్గొట్టి చూస్తాడు.

కమిటీ పెద్ద కుర్చీలో కూర్చుని వేళ్లు మడిచాడు. "నాలుగు కెమెరాలు పెట్టాల. గ్రౌండులో పెద్ద తెర కావాల. గీత దగ్గర గొడవొస్తే మళ్లీ ఏసి చూపియ్యాల. బయటూరోళ్లు వీడియో కాల్ చేస్తే వాళ్ల మొహం తెర మీద పడాల. అయిద్దా?"

"ఓ, చేసేద్దాం," అన్నాడు మా ఓనరు.

వాళ్లు మెట్లు దిగేదాకా ఆగి నేను లేచాను. "నాలుగు కెమెరాలా? ఒక కెమెరా చూపిస్తేనే దీనికి మూర్ఛొచ్చుద్ది గదన్నా!"

"అందుకే గ్రాఫిక్స్ కార్డు మార్పిద్దాం అమ్మాయ్. కొత్త కార్డు ఏస్తే కుర్రది అయిద్దంట."

"కంప్యూటరే కొత్తది తెస్తే పోలా?"

"నోర్ముయ్యి. లక్ష్మీదేవిని మారుస్తారా ఎవరన్నా?"

గ్రాఫిక్స్ కార్డంటే కంప్యూటరులో బొమ్మల పనంతా నెత్తిన వేసుకునే ముక్క. మా దానిలో ఉన్న పాత కార్డు అగ్గిపెట్టెకు కొంచెం పెద్దది. కొత్తది వేస్తే మాత్రం ముసలి ప్రాణం దాన్ని మోస్తుందా అని నాకు అనుమానం. కెమెరామన్‌కు అనుమానం కూడా లేదు. "పేలిపోద్ది" అని తేల్చేశాడు.

లైవ్ సంగతి ఊళ్లకు పాకగానే నాకొక ఫోన్ వచ్చింది. శావల్యాపురం దగ్గర ఊరామె. కూతురి ఓణీల ఫంక్షను వీడియో మా దగ్గరే చేయించుకుని, అందులో పిల్ల మేనమామ పక్కన తన ఎడ్ల జత ఉండి తీరాలని పట్టుబట్టి పెట్టించుకున్న మనిషి. దూడలుగా ఉన్నప్పటి నుంచి వాటిని చేత్తో సాకింది. పెద్దోడు, చిన్నోడు అని పిలిచేది. ఏ పందెమైనా తోలేది ఆమె మొగుడు, జనానికి అడ్డంగా కట్టిన తాడు అవతల నిలబడి కేకలు పెట్టేది మాత్రం ఈమె.

"అక్కా, కొట్టంలో పేడ మీద జారి పడ్డా. కాలిరిగింది. సిమెంటు కట్టేసి మంచం దిగొద్దన్నారు."

"అయ్యో, ఎంత పని జరిగిందమ్మా!"

"కాలుదేముందిలే అక్కా, అతుక్కుంటది. కిష్ణ ఏటి అవతల నుంచి ఒకాయన నా జతను కొనటానికి వస్తన్నాడు. ఈ పందెంలో బాగా లాగితే గ్రౌండు నుంచే తోలుకుపోతాడంట. నేను మంచాన పడితినాయె, ఇంక వాటిని సాకేదెవరని మా ఆయన మాటిచ్చేశాడు. అయ్యింక మా కొట్టంలోకి రావు." అంతలోనే అసలు సంగతికి వచ్చింది. "మీ లైవు ఊరికే ఆగిపోద్దంటగా? నా జత దిగినప్పుడు మాత్రం ఆపబాకక్కా. ఒక్కసారి కళ్లారా చూసుకుంటా."

ఇన్నేళ్లు ఓనరు పక్కన పని చేసిన పాపం ఊరికే పోతుందా? "ఆగదమ్మా, నాది పూచీ" అనేశాను. ఫోన్ పెట్టేసి, కార్డు ఎప్పుడొస్తుందని నేనే ఓనరు వెంటపడ్డాను.

మా వీధి చివర కంప్యూటర్ మెకానిక్ ఉండేవాడు. మేం భాయ్ అనేవాళ్లం. ఆయనే కార్డు తెప్పించాడు. పెట్టె విప్పి చూస్తే మూరెడు పొడుగు, మూడు ఫ్యాన్లు, ఇటుకంత బరువు. మా డబ్బా మూత తీసి పెట్టబోతే పట్టలేదు. ముందు వైపు హార్డ్ డిస్కులు కూర్చునే ఇనప అర అడ్డం పడింది.

"డబ్బా మార్చాల," అన్నాడు భాయ్.

"లక్ష్మీదేవి ఇల్లు మారదు," అన్నాడు ఓనరు.

"అట్టయితే ఇంట్లో గోడ కొట్టాల సార్."

లోపలి సామానంతా ఊడదీసి దుప్పటి మీద పరిచి, ఉత్త డబ్బాను ట్రాక్టర్ ట్రక్కులు వెల్డింగ్ చేసే షెడ్డుకు మోసుకెళ్లాం. షెడ్డతను పసుపు పూసిన ఆ డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసి, "ఏంది సార్ ఇది, కోళ్ల గూడా?" అన్నాడు. గ్రైండర్ పెట్టగానే నిప్పురవ్వలు లేచాయి. ఓనరు చెవులు మూసుకుని అటు తిరిగి నిలబడ్డాడు. పంటి ఆపరేషన్‌కు తీసుకొచ్చిన పిల్ల తండ్రిలా ఉన్నాడు. నేను నవ్వు ఆపుకోలేక ఒక టైరు మీద కూలబడ్డాను.

ఆ తర్వాతి తంతు ఇంకా అందంగా నడిచింది. కొత్త కార్డుకు కరెంటు ఎక్కువ కావాలి కాబట్టి పెద్ద పవర్ సప్లై పెట్టె తెచ్చారు. అదీ పట్టలేదు. దాన్ని డబ్బా నెత్తిన పెట్టి సైకిల్ ట్యూబు ముక్కలతో కట్టాడు భాయ్. కార్డు బరువుకు ఒక పక్కకు వాలిపోతుంటే కింద చెక్క ముక్క పోటు పెట్టాం. మూత వేయడానికి ఇక వీల్లేదు. పేగులన్నీ బయటే కనిపిస్తున్నాయి.

"స్విచ్ ఎయ్యి భాయ్," అన్నాను.

"ఆగండి! పూజ చెయ్యకుండా ఎట్టా?" ఓనరు లేచాడు. కొబ్బరికాయ బయట మెట్ల మీదే కొట్టాలని నేను అడ్డం నిలబడి కొట్టించాను. కానీ ఆయన సంచిలోంచి బంతిపూల దండ తీయడం చూసుకోలేదు. మూత లేని డబ్బా మీద, సరిగ్గా కార్డు పైన, నిండుగా దండ వేసి, కళ్లు మూసుకుని, తనే స్విచ్ వేశాడు.

గర్ర్‌మని ఒక చప్పుడు. పిండిమర తిరిగినట్టు గది అదిరింది. భాయ్ ఎగిరి ప్లగ్గు పీకేశాడు. "నేను చెప్పలా?" అన్నాడు కెమెరామన్, చాలా తృప్తిగా. ఓనరు మొహం పాలిపోయింది. నాకు మాత్రం శావల్యాపురం మంచం కళ్లముందు కనిపించింది.

వంగి చూస్తే కార్డు ఫ్యాన్లలో పచ్చగా ఏదో మెరిసింది. బంతి రేకలు! దండలో సగం రేకలను ఫ్యాన్లు లోపలికి లాక్కున్నాయి. నా తలలో పిన్ను తీసి భాయ్ చేతికిచ్చాను. ఆయన ఒక్కొక్క రేకా బయటికి తీస్తూ, "ఇన్నేళ్ల సర్వీసులో కార్డుకు పూలు తీయటం ఇదే మొదటిసారి మేడమ్" అన్నాడు. మళ్లీ స్విచ్ వేస్తే చప్పుడు లేదు. తెర మీద బొమ్మ వచ్చింది.

నాలుగు కెమెరాలూ కలిపాం. నాలుగూ ఓనరు బట్టతల మీద పెట్టించి నాలుగు గళ్లలో ఒకేసారి చూపించాను. ఎక్కడా ఆగలేదు! నిన్నటిదాకా గంటలు తినే పెళ్లి వీడియోను బయటికి తీయమని పెట్టి, గ్లాసులో టీ పోసుకుని తల ఎత్తేసరికి అయిపోయిందని కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది. దాని కోసం కాచుక్కూర్చున్న సాయంత్రాలన్నీ గుర్తొచ్చి, ఇంతకాలం ఎందుకు కొనలేదని ఓనర్ని కడిగి పారేశాను. ఆయన వింటే కదా. గదిలో చిందులేస్తున్నాడు. కెమెరామన్ కూడా నవ్వాడు, మా పెళ్లి వీడియోల్లో ఎప్పుడూ దొరకని దృశ్యం అది.

పందెం రోజు చిన్న ట్రాలీ ఆటోలో పరుపు వేసి, దాని మీద కంప్యూటరు, దాన్ని వాటేసుకుని నేను. గతుకు వచ్చిన ప్రతిచోటా డ్రైవర్ని తిట్టుకుంటూ వెళ్లాను. ట్రాక్ చివర మా టెంటు, టెంటు పక్కనే పెద్ద తెర. ఎండ మండిపోతుంటే తడిపిన గోనెపట్టా వేలాడదీసి దాని వెనక నుంచి ఫ్యాన్ పెట్టాం. పొద్దుటి నుంచి లైవు నీళ్లలా నడిచింది. బండ గీత దాటిందా లేదా అని రెండు ఊళ్లు కొట్టుకోబోతే, తిప్పి నెమ్మదిగా వేసి చూపించాను. జనం ఈలలు వేశారు. నాకు తల తిరిగిపోయింది, గర్వంతోనే.

ఎండ తగ్గుతుండగా ఆమె జత దిగింది. నేను చెప్పినట్టే ఆమె వీడియో కాల్ చేసి సిద్ధంగా ఉంది. ఇంకా తెర మీద వేయలేదు, నా చెవిలోని ఇయర్‌ఫోన్‌లోనే మాట్లాడుతోంది. మొదటి వరసలో తెల్ల చొక్కా, మెడలో కండువాతో కొనుగోలుదారు కూర్చున్నాడు.

విజిల్ వేశారు. ఎడ్లు కదల్లేదు. మొగుడు అరిచాడు, తోకలు మెలేశాడు, వీపు తట్టాడు. ఊహూఁ. రెండూ మెడలు తిప్పి తాడు అవతల జనంలో వెతుకుతున్నాయి. మైకులో కామెంటరీ చెప్పేవాడికి నోరు ఆగుతుందా? "ఏమయ్యా, ఎడ్లు భోజనానికి ఆగినట్టున్నాయి, ఆకులు ఎయ్యండి!" అన్నాడు. గ్రౌండంతా గొల్లుమంది.

"అక్కా, నన్ను పిలవనియ్యి," అంది ఆమె.

నా నోరు ఊరుకోలేదు. "నువ్వు పిలిస్తే లాగుతాయి. లాగితే ఆయన తోలుకుపోతాడు గదమ్మా?"

"తెలుసక్కా." గొంతు హెచ్చించింది. "వాటిని చూసి నవ్వుతున్నారు. నా వల్ల కాదు. పిలవనియ్యి."

మీట నొక్కాను. మంచం మీద దిండుకు ఆనుకున్న ఆమె మొహం తాటిచెట్టంత తెర మీద పడింది. "ఒరేయ్ పెద్దోడా! చిన్నోడా! ఎవర్ని ఎతుకుతున్నార్రా? ఇక్కడున్నా! రండి నాన్నా, రండి!"

మీరు నమ్మాలి. ఎడ్ల చెవులు నిక్కబొడుచుకున్నాయి. బండ కింద దుమ్ము లేచింది. మొగుడు పట్టు తప్పి వెనక పరిగెత్తాల్సి వచ్చింది. అంతసేపూ వెక్కిరించిన జనం లేచి నిలబడి కేకలు. ఎదుటి జత తాలూకు మనిషి మా టెంటు మీదికి వచ్చాడు. "ఇదేం న్యాయం? జతకు ఇంతమందే తోలాలని రూలుంది. తెరలో మనిషిని ఎట్టా దింపుతారు?"

కమిటీ పెద్ద గడ్డం గోక్కున్నాడు. "రూలు ట్రాక్‌లో కాలు పెట్టినోళ్లకు గదయ్యా. ఆ అమ్మాయి కాలు పెట్టిందా?"

"పెట్టటానికి కాలుండొద్దూ, ఇరిగిపోతే!" అని ఎవరో వెనక నుంచి అరిచారు. అడగడానికి వచ్చిన మనిషికే నవ్వు ఆగలేదు.

అసలు తమాషా అప్పుడు మొదలైంది. ఆమె మాట మాకు వెంటనే చేరుతోంది. కానీ ఫోన్‌లో ఆమెకు వినపడేది నా ఒక్కదాని గొంతే, చూస్తున్నది ఇంట్లో టీవీలో వచ్చే లైవు. అది ఎక్కడెక్కడో తిరిగి ఆమె మంచం దగ్గరికి వెళ్లేసరికి ఆలస్యం. ఇక్కడ జరిగిపోయింది ఆమెకు కాసేపటికి గానీ జరగదు. ఎంత కొత్త కార్డయినా ఆ దారిని దగ్గర చేయలేదు. టైము అయిపోయిందని విజిల్ వేశారు, మొగుడు పగ్గాలు లాగాడు, ఎడ్లు ఆగబోయాయి. ఆమె టీవీలో మాత్రం పందెం ఇంకా జోరుగా నడుస్తోంది.

"ఆగొద్దు నాన్నా! ఇంకా రండి, నా దగ్గరికి రండి!"

వచ్చాయి. గీత దాటి, తాడు తెంపుకుని, బండతో సహా నేరుగా తెర వైపు, అంటే నా వైపు. జనం చెల్లాచెదురు. ఓనరు కుర్చీ ఎక్కాడు. నేను కంప్యూటరును వాటేసుకుని, "ఆపవే తల్లీ! టైమైపోయింది!" అని అరిచాను.

"ఏందక్కా నువ్వు, ఇంకా లాగుతుంటేనూ!"

"మీదికొచ్చేశాయే! ఆగమని చెప్పవే!"

"ఆగండి నాన్నా," అంది ఆమె, అర్థం కాకపోయినా. రెండూ ఆగిపోయాయి. పెద్దోడు తెర మీద ఆమె చెంప దగ్గర మూతి ఆనించి వాసన చూశాడు. చిన్నోడు నాలుకతో నాకేశాడు. నా చేయి ఇంకా కార్డు కింద చెక్కముక్కను పట్టుకునే ఉంది.

మొదట్లో నిలబడి పోగొట్టుకున్న టైము వల్ల ప్రైజు రాలేదు. కానీ ఆ లాగుడు చూశాక కొనుగోలుదారు లేవడం ఖాయమని అందరికీ తెలుసు. లేచాడు. కండువా సర్దుకుని ఎడ్ల దగ్గరికి నడిచాడు. కామెంటరీ అతను మైకు పట్టుకుని వెంట వెళ్లాడు. మొగుడు తల వంచుకుని పగ్గాలు అందించబోయాడు. "తోలుకుపొండన్నా. లాగుడు చూశారుగా."

"చూసిన తమ్మీ." ఆయన తెర వైపు, నాకుతున్న చిన్నోడి వైపు మార్చి మార్చి చూశాడు. "ఇవి బండను గుంజలే. ఆమె కాడికి వోయినయ్. నేను తోల్కపోయి ఏం జెయ్యాలె? పొద్దు లేస్తే మీ ఇంటికి ఫోన్ జెయ్యాల్నా? నాకొద్దు. ఇంటికి తోల్కపో."

గ్రౌండు హోరెత్తబోయింది. నేను చటుక్కున నా మైకు మీద అరచెయ్యి మూసి లేచి రెండో చెయ్యి ఊపాను. "ఎవరూ చెప్పొద్దు! ఆమె ఇంకా చూడలా!"

అందరికీ ఒకేసారి వెలిగింది. తిరునాళ్ల జనం అంతా, పొద్దుటి నుంచి నోరు మూయని కామెంటరీ అతనితో సహా, నోళ్లు మూసుకుని తెర మీద ఆ మొహం వైపు చూస్తూ నిలబడ్డారు. ఆమె టీవీలో ఎడ్లు ఇప్పుడే తెర దగ్గరికి చేరినట్టున్నాయి, నవ్వుతూ కళ్లు తుడుచుకుంటోంది. తర్వాత నవ్వు పోయింది. ఆయన లేచినట్టున్నాడు. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. "పగ్గాలు ఇచ్చేస్తన్నాడక్కా. నేను చూడలేను." నాలుక కరుచుకుని ఊరుకున్నాను. నా జీవితంలో నేను మాట్లాడకుండా ఉన్నది అప్పుడే.

కొంగు కొంచెం కిందికి దిగింది. ఒక కన్ను కనపడింది. తర్వాత రెండోది.

"ఏందీ? ఏమన్నాడు? అక్కా, ఒద్దన్నాడా?"

"ఒద్దన్నాడూ!" అని గ్రౌండు మొత్తం అరిచింది.

ఆమె కట్టు సంగతి మరిచి మంచం మీద నుంచి ఎగరబోయింది. ఫోన్ కింద పడింది. తెర మీద రేకుల కప్పూ, తిరుగుతున్న ఫ్యానూ మాత్రమే మిగిలాయి. కానీ ఆ గొంతు స్పీకర్లన్నిట్లోంచి ఊరంతా వినపడింది. "పెద్దోడా! చిన్నోడా! ఇంటికి రండి నాన్నా! ఇంటికొచ్చెయ్యండి!"

ఎడ్లు రెండూ ఒక్క ఉదుటున కదిలాయి. "ముందు బండ ఇప్పండ్రా!" అని కమిటీ పెద్ద పంచె ఎగ్గట్టి పరుగు. మైకు ఆపెయ్యమని కుర్చీ మీద నుంచి ఓనరు చేతులు తిప్పుతున్నాడు. నేను ఆపలేదు.